రెండో నంబరు టోపీ

గుణుపూర్‌లో వాన పట్టి మూడోరోజు.
రేకుల కింద ఇంజన్ దింపి పెట్టాను,
అడుగున పాత టైరు, మీద గోనెసంచి.
చింతపండు సాహుల అంబాసిడర్‌ది.
కుర్రాడు మీనకేతన్‌కి మాఘంలో పెళ్ళి.
"బోనెట్ ఎత్తితే మొహం కనపడాలి దాలిబాబూ" అన్నాడు.
ఎవరి మొహమో చెప్పలేదు.

పైపై సామానుతో మొదలెట్టాను.
వాల్వుల మూత మీద నాలుగు పూతలు:
వెండి, దాని కింద నీలం, మళ్ళీ వెండి,
అడుక్కి పోతే పేరు తెలీని పచ్చ.
కిరోసిన్‌లో నానేసి, తీగబ్రష్షు పట్టి,
నూట ఇరవై ఎమరీ, తర్వాత నాలుగొందలు,
ఆఖర్న నీళ్ళలో ముంచి వెయ్యి నంబరు.
కార్బురేటర్ గుమ్మటం బ్రాసోతో రుద్దితే
పెళ్ళివారి మరచెంబులా తేలింది.
కొత్త పూత ఆరడానికి ఎండ లేదు.
వంటింట్లో పొయ్యి పైన తీగకి వేలాడదీశాను.
రెండ్రోజులు దాల్మాలో రంగు వాసన.
మా రోహిణమ్మ ఏమీ అనలేదు,
గరిటె మాత్రం గట్టిగా పెట్టింది.

ఇదంతా మెరుపు పని.
మెరుపు ఎవడైనా చేస్తాడు.

చమురు చట్టి విప్పాను.
కనెక్టింగ్ రాడ్లు నాలుగు, వాటికి నాలుగు టోపీలు.
ఏ రాడ్డు టోపీ ఆ రాడ్డుకే,
జంటగా బిగించి ఒకేసారి తొలిచినవి.
పక్కనే నంబరు కొట్టి ఉంటుంది.
ఒకటికి ఒకటి.
నాలుక్కి నాలుగు.
రెండుకి మూడు.
మూడుకి రెండు.

టార్చి తిప్పి మళ్ళీ చూశాను.
నంబర్లు మారలేదు.

పదిహేడేళ్ళ గుంటణ్ణి అప్పటికి,
బిసోయి మేస్త్రి దగ్గర మూడో ఏడు.
ఇదే బండి. సాహు తాత ఉన్నాడు,
తెల్లారితే పద్మపూర్ సంతకి పోవాలి.
పెట్రోమాక్సు గుడ్డి వెలుగులో
టోపీలు కడిగిన పళ్ళెం నా కాలు తగిలి తిరగబడింది.
ఏరి, తుడిచి, తోచినట్టు బిగించాను.
"హెలా రె?" అన్నాడు మేస్త్రి, బీడీ పక్కకి తీసి.
"హెలా" అన్నాను.
నంబర్లు చూశావా అని అడగలేదు.
అడిగుంటే
చూశాననే చెప్పేవాణ్ణి.

ఆర్నెల్లకి బండి ఏదో చిన్న చప్పుడుతో తిరిగొచ్చింది.
బేగి పార్వతీపురం పోయి
ఫలానా గాస్కెట్ పట్టుకురమ్మని నన్ను బస్సెక్కించాడు.
ఊరంతా వెతికి తెచ్చాను.
అలాంటి ఇంజన్ గుణుపూర్‌లో ఎవరికీ లేదు.
"ఉండనీ" అని మేకుకి తగిలించాడు.
గోళ్ళలో నీలిరంగు.
ఏదో పెయింటు పని అనుకున్నాను,
ఇరవై తొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను.

ఇప్పుడు జిడ్డు గుడ్డతో తుడిస్తే
తప్పు నంబర్ల పక్కన చిన్న చుక్కలు, పంచితో కొట్టినవి:
ఈ జంటకి రెండు, ఆ జంటకి మూడు,
రాడ్డు మీదా టోపీ మీదా ఎదురెదురుగా.
అతుకు అంచున సన్నని ఆకురాయి గీతలు.
అప్పటికే ఆర్నెల్లు ఒకదాన్నొకటి అరగదీసుకున్న ఇనుము.
విడదీస్తే రెండూ చెడతాయని
నీలం పూసి, ఎక్కడ తగుల్తుందో చూసి,
గీకి, మళ్ళీ పూసి, మళ్ళీ గీకి
ఒక పూటంతా
నా తప్పుని కూర్చోబెట్టాడు.

తర్వాత ఏడేళ్ళు ఆయన దగ్గరే చేశాను.
ఒక్కనాడు నోరు జారలేదు.
తాగినప్పుడు కూడా.

రూలు ప్రకారమైతే లేత్‌కి పంపాలి,
నాలుగూ కొత్తగా తొలిపించాలి.
కొత్త షెల్లులు వేశాను, నీలం పూసి చూశాను.
రెండుకి మూడు. మూడుకి రెండు.
చుక్కల్ని చుక్కలకి ఎదురు పెట్టి బిగించాను.

మీనకేతన్ వచ్చి బోనెట్ ఎత్తాడు.
మూతలో చూసుకుని తల దువ్వుకున్నాడు.
"స్టార్ట్ చెయ్" అన్నాను.
కొంచెం వంగి విన్నాను,
అతను డబ్బులు లెక్కపెడుతున్నా వింటూనే ఉన్నాను.

అందరూ పోయాక మేకు మీది గాస్కెట్ తీశాను.
అంచులు విరుగుతున్నాయి.
ఏ బండిదో ఇప్పటికీ తెలీదు.
దుమ్ము దులిపి
అక్కడే తగిలించాను.